మీటల ఈ-రీడర్‌పై ఏకసభ్య కమిషన్ నివేదిక

మా ఇంటికి ఒక చవక ఈ-రీడర్, అంటే తెర మీద పుస్తకాలు చదువుకునే పరికరం, వచ్చింది. దాని గుణదోషాలు తేల్చడానికి వెంటనే ఏకసభ్య కమిషన్ ఏర్పాటైంది. ఆ సభ్యుణ్ణి నేనే, దాన్ని కొన్నదీ నేనే కాబట్టి నిష్పాక్షికతకు లోటు లేదు. ఫిర్యాదుదారు నా భార్య. "రంగు లేదు, వీడియో రాదు, ఫోను మాట్లాడటానికీ పనికిరాదు. దీనికి డబ్బులిచ్చారా?" అన్నది అభియోగం.

వస్తువు వివరాలు: ఆరంగుళాల నలుపు తెలుపు తెర, అంచున పేజీ తిప్పే మీటలు. ఆ మీటల దగ్గర కమిషన్‌కు గొంతు పూడుకుపోయింది. 2007లో వచ్చిన అమెజాన్ వారి తొలి ఈ-రీడర్ కిండిల్‌కు ఏకంగా కీబోర్డే ఉండేది. 2014లో చవక కిండిల్‌కు పేజీ మీటలు కూడా మిగల్లేదు. తెరను వేలితో నిమరడమే నాగరికత అని తీర్మానించిన పెద్దలు విశాఖ ఆర్కే బీచ్‌లో మురీ మిక్చర్ తిని ఉండరు.

అందుకే తొలి విచారణ అక్కడే పెట్టాను. కుడి చేతిలో పొట్లం, వేళ్ళకు నూనె, నిమ్మరసం; ఒళ్ళంతా సముద్రపు జిడ్డు. పక్కనే మా బావమరిది ఫోను తడి వేలికి బెదిరి, అతను చదువుతున్న వార్తను వదిలేసి ఎవరికో కాల్ కలిపింది. నా ఎడమ బొటనవేలు మీట నొక్కింది, పేజీ తిరిగింది. పైగా ఎండ ముదిరేకొద్దీ అక్షరం తేటపడింది. ఈ తెరకు సొంత వెలుగు లేదు. కరెంటు తాకిడికి లోపలి నలుపు, తెలుపు రేణువులు పైకీ కిందికీ కదులుతాయి, వాటి మీద పడ్డ వెలుతురులోనే మనం చదువుకోవాలి.

ఆ సంగతి అరకు రైలెక్కాక పూర్తిగా అర్థమైంది. ఆ దారిలో 58 సొరంగాలు. చవక రకం కనుక తెరను వెలిగించే దీపం లేదు, ఆ రోజు పెట్టెలోనూ దీపాల్లేవు. సొరంగం వచ్చినప్పుడల్లా పిల్లలు కేకలు, నా కథానాయకుడు అదృశ్యం. వెలుగు రాగానే పాపం అదే వాక్యంలో, అదే గుమ్మం దగ్గర నిలబడి కనిపించేవాడు. రైలు బొర్రా దాటినా అతను ఆ గుమ్మం లోపలికి వెళ్ళలేదు.

ఇక తెలుగు. స్కాన్ చేసిన పాత పద్యాల పుస్తకం తెరిస్తే వత్తులు చీమల బారులయ్యాయి. అక్షరం పెద్దది చేస్తే పేజీ తెర దాటిపోతుంది. కుడికి జరపడానికి కొన్ని నొక్కులు, వెనక్కి రావడానికి మరికొన్ని. నాలుగో పాదం చేరేసరికి మొదటి పాదం జారిపోతుంది. అవధానికి ఉండవలసినంత ధారణ కావాలి.

అయితే బ్యాటరీ మాత్రం అద్భుతం. పేజీ మారినప్పుడే తెరకు కరెంటు కావాలి, నిలిచిన పేజీకి అక్కర్లేదు. రెండు నెలలైనా సగానికి పైగా మిగిలే ఉందని సగర్వంగా సాక్ష్యం చూపించాను.

"అయితే మీరు ఎన్ని పేజీలు తిప్పినట్టు?" అంది ఫిర్యాదుదారు.

కమిషన్ గడువు మరో ఆరు నెలలు పొడిగించాలని కోరడమైనది.