రింగ్ బఫర్ వారి మొహమాటం గురించి ఒక విన్నపం

మహారాజశ్రీ రింగ్ బఫర్ వారికి,

నమస్కారములు. ఉభయకుశలోపరి. ఉమ్మడి పేజీ అయిన మీ ద్వారా మాట్లాడుకునే ఇద్దరిలో, వర్చువల్ మెషీన్‌లో ఉండి డిస్క్ పనులు అడిగే ఫ్రంటెండ్ డ్రైవర్ కుశలమే, అవతల ఉండి ఆ పనులు చేసిపెట్టే బ్యాకెండ్ డ్రైవర్ కూడా కుశలమే. రెండింటిలో ఏదీ క్రాష్ కాలేదు, లాగ్‌లో ఒక్క ఎర్రర్ అయినా నమోదు కాలేదు. డిస్క్ మాత్రం కదలడం లేదు. డేటాబేస్ ప్రాసెస్‌లన్నీ ‘డి’ స్థితిలో (డిస్క్ జవాబు వచ్చేదాకా లేవని నిద్రలో) కూర్చుని ఉండగా, 120 సెకన్లు దాటాక కెర్నెల్ వాటి పేర్లు చదివి ఫిర్యాదు చేసింది. ఇంటరప్ట్‌ల (ప్రాసెసర్‌కు వచ్చే పిలుపుల) పట్టికలో మీ వరుసలోని అంకె ఎంతసేపు చూసినా అదే అంకె.

2003లో కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయం వారు ఒకే యంత్రంపై పలు వర్చువల్ మెషీన్‌లను నడిపే జెన్ హైపర్‌వైజర్‌ను లోకానికి పరిచయం చేసిన నాటి నుండి మీ పొదుపరితనం ప్రసిద్ధమే. డిస్క్ విషయంలో 4096 బైట్ల ఒక్క పేజీలో 32 గళ్ళతో సరిపెట్టుకుంటారు. రిక్వెస్ట్ ఖాళీ చేసిన గడిలోనే రెస్పాన్స్‌ను కూర్చోబెడతారు. ఆ పొదుపును మేము కాదనము. ప్రతి రెస్పాన్స్‌కూ ఒక ఈవెంట్ (మేలుకొలుపు కబురు) పంపితే హైపర్‌వైజర్‌కు అనవసరపు శ్రమ అని తలచి, ‘రెస్పాన్స్‌ల లెక్క ఈ అంకెకు చేరినప్పుడే నన్ను లేపండి’ అని ఫ్రంటెండ్ రాసిపెట్టుకోవడానికి ఒక ప్రత్యేక స్థానం కేటాయించారు. మా కష్టాలన్నీ తమరి ఆ మర్యాదలోనే పుట్టాయి.

ఫ్రంటెండ్ రింగ్‌లోకి తొంగిచూసి, కొత్త రెస్పాన్స్ లేదని నిర్ధారించుకుని, ఇక నిద్రపోదామనుకుంటుంది. తనను లేపవలసిన అంకెను అది రాసేలోపు, ఆ కొద్ది నానోసెకన్లలోనే, బ్యాకెండ్ ఒక రెస్పాన్స్‌ను పెట్టి, ఇంకా అక్కడున్న పాత అంకెను చూసి, ‘వీరికి ఇప్పుడు కబురు అక్కరలేదు’ అని ఊరుకుంటుంది. తరువాత ఫ్రంటెండ్ కొత్త అంకె రాసి పడుకుంటుంది. విందులో అడిగితే వడ్డిద్దామని వడ్డించేవాడు, వడ్డిస్తే తిందామని అతిథి ఎదురుచూస్తున్నట్టు, గిన్నె నిండా కూర ఉండగానే విస్తరి ఖాళీగా ఉంటుంది.

ఆ తరువాతి రెస్పాన్స్‌కైనా మెలకువ వస్తుందా అంటే అదీ లేదు. లెక్క ఆ అంకెను దాటే క్షణంలోనే కబురు పంపాలన్నది మీ నియమం. ఆ క్షణం గడిచిపోయింది. మీ లెక్క 32 బిట్లది కనుక అది చుట్టూ తిరిగి మళ్ళీ అక్కడికి చేరాలంటే సుమారు 429 కోట్ల రెస్పాన్స్‌లు రావాలి. 32 గళ్ళు నిండగానే కొత్త రిక్వెస్ట్‌లకు చోటు ఉండదు కనుక ఆ శుభఘడియ ఎన్నటికీ రాదు. (వర్చువల్ పరికరాలకు మరో ప్రమాణమైన మీ దూరపు బంధువు విర్టియో గారు ఇలాంటి ఏర్పాటులోనే 16 బిట్లతో 65,536కే సరిపెట్టుకున్నారు. ఈ విషయంలో వారు మీకన్నా కొంత దయగలవారు.)

ఇంతటి చిక్కుకు మందు చాలా చిన్నది: లేపవలసిన అంకెను రాసిన తరువాత రింగ్‌ను మరొక్కసారి చూడాలి, పని కనిపిస్తే నిద్ర మానుకోవాలి. అయితే రాయడానికీ చూడడానికీ నడుమ పూర్తి మెమరీ బ్యారియర్ (ముందరి రాత అందరికీ కనిపించాకే తరువాతి చదువు జరగాలనే ఆజ్ఞ) ఉండితీరాలి. క్రమశిక్షణకు పేరుపొందిన ఎక్స్86 ప్రాసెసర్ కూడా, తాను రాసినది ఇంకా స్టోర్ బఫర్‌లో (రాతలు మెమరీకి చేరేముందు ఆగే చోట) ఉండగానే వేరొక చోటు నుండి చదివేయగలదు. అప్పుడు మన రెండో చూపు కూడా పాత దృశ్యాన్నే చూస్తుంది. బ్యాకెండ్ వైపు కూడా, తన లెక్కను పెంచడానికీ మన అంకెను చదవడానికీ మధ్య, ఇదే జాగ్రత్త అవసరం. ఇవన్నీ మీ హెడర్ ఫైల్‌లోని మాక్రోలలో (సిద్ధంగా రాసిపెట్టిన కోడ్ ముక్కలలో), వ్యాఖ్యలతో సహా, ఏనాటి నుండో ఉన్నాయి. వాటిని పక్కనపెట్టి, వేగం పేరుతో సొంత లూప్ రాసుకున్న మహానుభావుడెవరో మా డ్రైవర్ చరిత్రలో ఉన్నారు.

ఆయన తరువాత వచ్చినవారు అంతకన్నా ఘనులు. ఒకరు కారణం తెలుసుకోవడానికి ఒక లాగ్ వాక్యం చేర్చగా, ఆ ఆలస్యానికి సమస్య మాయమైంది. వాక్యాన్ని అక్కడే ఉంచి సమస్య పరిష్కృతమని ప్రకటించారు. మరొకరు సెకనుకొకసారి రింగ్‌ను తొంగిచూసే టైమర్‌ను పెట్టారు. అప్పటి నుండి డిస్క్ ఆగిపోవడం మాని, అప్పుడప్పుడు ఒక సెకను పాటు ఆలోచిస్తోంది. ఆగిపోయిన డిస్క్‌ను ఎవరైనా పట్టుకుంటారు. ఆలోచించే డిస్క్ నేరం మాత్రం నెట్‌వర్క్ మీదకో, డేటాబేస్ మీదకో పోతుంది. నా దృష్టిలో అసలు దోషం కన్నా ఈ టైమరే పెద్ద దోషం.

కనుక ప్యాచ్‌లను (కోడ్ సవరణలను) రెండుగా పంపుతున్నాను. మొదటిది సొంత లూప్‌ను తొలగించి మీ మాక్రోలనే వాడుతుంది. రెండవది టైమర్‌ను, ఆ లాగ్ వాక్యాన్ని తీసివేస్తుంది. మొదటిదానిని ఆమోదించి, ‘ఎందుకైనా మంచిది’ అని టైమర్‌ను అలాగే ఉంచవద్దని మనవి.

ఇట్లు,
తమ ఈవెంట్ కోసం ఎదురుచూచు
ఫ్రంటెండ్ డ్రైవర్ పోషకుడు