క్రిస్మస్ పాట మీద చెరిగిపోతున్న ఆ ఒక్క వరస

నవంబరు సగం దాటిందంటే యూట్యూబ్‌లో కొత్త క్రిస్మస్ పాటలు దిగడం మొదలవుతుంది. ముందు ప్రోమో, తర్వాత పాట. డ్రోన్ షాట్లు, ఒకే రంగు బట్టల్లో కోరస్, సినిమాల్లో పాడే పెద్ద గొంతు. వాటి మీద నాకు కోపం లేదు, కొన్ని నిజంగా బాగుంటాయి. కానీ డిసెంబరులో నా చెవులు వెతికేది వాటిని కాదు, తెలుగు చర్చిల పాత పాటల పుస్తకంలోని ఆంధ్ర క్రైస్తవ కీర్తనల్ని. అదీ ఫోన్లో కాదు, నలుగురు కూడి పాడుతుంటే వాళ్ల మధ్యలో కూర్చుని. మన క్రిస్మస్ సంగీతం అంటే అదేనని, దాన్ని చేజేతులా వదులుకుంటున్నామని నా వాదన.

మా అమ్మ పాటల పుస్తకానికి పాత క్యాలెండర్ కాగితంతో అట్ట ఉండేది. 'రక్షకుండుదయించినాడట' ఉన్న పేజీ ఏళ్ల తరబడి వేళ్లు తగిలి గుడ్డలా మెత్తబడిపోయింది. ఆ పుస్తకంలో పల్లవి కంటే ముందు, పైన చిన్న అక్షరాలతో ఒక వరస ఉంటుంది. రాగం ఫలానా, తాళం ఫలానా. శంకరాభరణం, ఆనందభైరవి, ముఖారి, బిలహరి. ఆది, రూపకం, చాపు. చాలా పాటలకి పక్కనే ఇంకో మాట కూడా: చాయ. అంటే ఈ పాటని ఫలానా పాటలా పాడుకోండి అని.

ఆ 'చాయ' అనే మాట దగ్గర కాసేపు ఆగాలి. స్వరాలు రాసిస్తే చదవగలిగేవాళ్లు ఊరికి ఒక్కరు కూడా ఉండరని ఆ పుస్తకం కూర్చినవాళ్లకి తెలుసు. అందుకే వచ్చిన పాటని ఆసరాగా చూపించి, రాని పాటలోకి దారి వేశారు. ఒక్క బాణీ నోటికి వస్తే ఇంకో నాలుగు పాటలు వచ్చేసినట్టే. మా అమ్మకి ముఖారి అంటే ఏమిటో తెలియదు. చాయ చూసి కూనిరాగం తీసి, రెండో చరణానికల్లా పాటని పట్టేసుకునేది. సంగీతం మాస్టారు లేని ఊళ్లకి సంగీతం చేర్చడానికి ఇంతకంటే తెలివైన ఏర్పాటు నాకు ఇంకోటి కనిపించలేదు.

పాట కట్టు కూడా అలాగే ఉంటుంది. ఒకరు ఎత్తుకుంటారు, అందరూ అందుకుంటారు. పల్లవి మళ్లీ మళ్లీ వస్తుంది కాబట్టి చరణం రానివాళ్లు కూడా పాటలోనే ఉంటారు. పసిపిల్లని ఒళ్లో వేసుకున్న తల్లికీ, పళ్లూడిన తాతకీ అందని స్థాయికి గొంతు వెళ్లదు. హార్మోనియం ఉంటే మంచిది, డోలక్ ఉంటే ఇంకా మంచిది, ఏదీ లేకపోతే చప్పట్లు చాలు. డిసెంబరు చలిలో క్యారల్స్‌కి ఇల్లిల్లూ తిరిగినవాళ్లకి ఇది వేరే చెప్పక్కర్లేదు. ఇప్పటి పాటలో పల్లవి అవగానే పెద్ద బిట్ వస్తుంది. జనం స్క్రీను వంక చూస్తూ నిలబడతారు. చరణంలో గొంతు హై పిచ్‌కి వెళ్తుంది, అక్కడ అందరూ జారిపోతారు. ట్రాక్ పెట్టుకుని మైకు ముందు ఒకరు పాడతారు, మిగతావాళ్లు వింటారు. వినడానికే అయితే ఇంట్లో ఫోన్ ఉంది కదా?

ప్రపంచమంతా పాడే 'సైలెంట్ నైట్' కూడా పెద్ద హంగుతో పుట్టలేదు. 1818 డిసెంబరు 24న ఆస్ట్రియాలోని ఓబెర్న్‌డోర్ఫ్ అనే చిన్న ఊళ్లో, సెయింట్ నికొలస్ చర్చిలో, గిటారు తోడుగా మొదటిసారి పాడారు. మాటలు ఫాదర్ యోసెఫ్ మోర్‌వి, బాణీ ఫ్రాంజ్ గ్రూబర్ అనే బడిపంతులుది. అది మన పుస్తకంలోకి 'శుద్ధరాత్రి' అయి వచ్చింది. అందులో 'సద్దణంగ' అని ఒక మాట ఉంది. సద్దు అణగిపోయిందట. ఆ బాణీలో సరిగ్గా ఇమిడే అంత చక్కటి తెలుగు మాటని వెతికి పెట్టిన మనిషికి దండం పెట్టాలి.

పాత కీర్తనల భాష నేటి పిల్లలకి అర్థం కాదనీ, కొత్త పాట లేకపోతే యూత్ చర్చికి రారనీ అంటారు. ఆ కీర్తనలు కూడా ఒకప్పుడు కొత్తవే కదా అని కూడా అంటారు. నిజమే, కొత్తవి రావాలి. అయితే పదిమంది పాడుకునేలా రాయండి. భాష సంగతంటారా, ఇంగ్లిష్ ర్యాప్‌ని ఒక్క వారంలో నోటికి పట్టే పిల్లలకి 'ఉదయించినాడట' అడ్డమవుతుందంటే నేను నమ్మను.

అసలు నన్ను కదిలించేది ఇంకొకటి ఉంది. 1803లో పుట్టి 1890లో కన్నుమూసిన పురుషోత్తమ చౌధరి బ్రాహ్మణ కుటుంబంలో పుట్టినవాడు. క్రైస్తవుడై, తన చేతికి వచ్చిన కీర్తన పద్ధతిలోనే క్రీస్తు మీద పాటలు కట్టాడు. కరువు కాలం ముగిసే వేళ, 1878 జులై 3న ఒంగోలు ప్రాంతంలో గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. అందులో ఎక్కువమంది మాదిగలు. వాళ్లకి అంతకుముందు పాట లేదని కాదు. డప్పు ఉంది, పదం ఉంది. లేనిదల్లా గుడిలోకి ప్రవేశం, బడిలో చోటు, రాగాన్ని పేరుతో పిలిచే హక్కు. ఆ మూడింటినీ పాటల పుస్తకం ఒకేసారి గూడేనికి తోడుకొచ్చింది. అగ్రహారం అరుగుల మీద పలికిన ఆనందభైరవి, పగలంతా పొలంలో వంగిన మనుషుల నోట రాత్రి ప్రార్థనలో పలికింది.

డిసెంబరు వస్తే మద్రాసు కర్ణాటక సంగీత సభల గురించి పత్రికలన్నీ రాస్తాయి. అక్కడ తెలుగు రాని శ్రోతల ముందు తెలుగు కీర్తనలు పాడతారు, మనం గర్వపడతాం. గర్వపడాల్సిందే. అదే డిసెంబరులో గుంటూరు, ప్రకాశం, మెదక్ పల్లెల్లో కూలి పని చేసుకునేవాళ్లు తెలుగు కీర్తనల్ని రాగంతో, తాళంతో, అర్థం తెలిసి పాడుకుంటారు. దాన్ని సంగీతోత్సవం అని ఎవరూ రాయలేదు. తెలుగు సంగీత చరిత్ర చెప్పే పుస్తకాల్లో దానికి ఒక అధ్యాయం ఉండాలి. యూనివర్సిటీ సంగీత శాఖలు ఈ పెద్దవాళ్ల గొంతుల్ని, వాళ్లు బతికుండగానే రికార్డు చేయాలి. ఊరూరా ఒకే పాటకి బాణీలో చిన్న చిన్న తేడాలుంటాయి, అవి ఏ పుస్తకంలోనూ లేవు.

కిందటి ఏడాది సెమీ క్రిస్మస్‌కి మా చర్చిలో పాత కీర్తన ఒకటి పాడారు. ప్రొజెక్టర్ మీద మాటలు పెద్ద అక్షరాల్లో, వెనక మంచు కొండల బొమ్మతో వచ్చాయి. పల్లవితో మొదలైంది. దానిపైన ఉండాల్సిన వరస లేదు. స్లైడ్లు తయారు చేసిన అబ్బాయిని తర్వాత అడిగాను. "అది పాటలో భాగం కాదనుకున్నాను అంకుల్" అన్నాడు. మా అమ్మ పుస్తకం తెచ్చి చూపించాను. ఈసారి పెడతానని ఫోటో తీసుకున్నాడు.