ఒవియెడో క్లబ్ ఎవరి సొత్తు? కజోర్లా కెరీర్ ఇచ్చిన జవాబు

2025 జూన్ 21న స్పెయిన్‌లోని ఒవియెడో నగరంలో ఉన్న కార్లోస్ తార్తియేరె మైదానంలో నలభై ఏళ్ల ఫుట్‌బాల్ ఆటగాడు శాంటీ కజోర్లా పెనాల్టీ కోసం బంతిని సర్దుకుంటున్నప్పుడు, పై లీగ్‌లో చోటు కోసం ఆడే ప్లేఆఫ్ ఫైనల్ రెండు అంచెలూ (మ్యాచ్‌లూ) కలిపి అతని జట్టు రెండు గోల్స్ వెనకబడి ఉంది. మిరాండెస్‌తో తొలి అంచెలో ఓడిన రియల్ ఒవియెడో, సొంతగడ్డ మీద కూడా మొదటి గోల్ సమర్పించుకుంది. కజోర్లా గురి తప్పలేదు. అదనపు సమయం దాకా సాగిన ఆ ఆటలో 3-1తో గెలిచిన ఒవియెడో, 24 ఏళ్ల ఎదురుచూపు తర్వాత స్పెయిన్ అగ్రశ్రేణి లీగ్ లా లిగాకు చేరుకుంది.

ఆ విజయాన్ని దాదాపు అందరూ గాయాన్ని జయించిన వీరుడి కథగానే చెప్పుకున్నారు. ఆ కథ అబద్ధమని ఎవరూ అనలేరు. 2016 అక్టోబరులో లండన్ క్లబ్ ఆర్సెనల్ తరఫున బల్గేరియా జట్టు లూడోగొరెట్స్‌తో ఆడిన తర్వాత మైదానానికి దూరమైన కజోర్లాకు చీలమండ దగ్గర ఇన్ఫెక్షన్ సోకి, అది మడమ స్నాయువును (అకిలిస్ టెండన్) ఎనిమిది సెంటీమీటర్ల మేర తినేసింది. ఆపరేషన్ మీద ఆపరేషన్ జరిగింది. కొడుకుతో కలిసి తోటలో నడవగలిగితే చాలనుకోమని డాక్టర్లు చెప్పారు. ముంజేతి నుంచి తీసిన చర్మాన్ని చీలమండ మీద అతికించారు. ఆ చర్మం మీద కూతురి పేరు పచ్చబొట్టుగా ఉండేది. ఇప్పుడు ఆ పేరులో కొన్ని అక్షరాలు చేతి మీద, కొన్ని కాలి మీద ఉన్నాయి. అటువంటి కాలితో 2018లో స్పెయిన్ క్లబ్ విల్లారియల్‌కు ఆడి, 2019లో మళ్లీ స్పెయిన్ జెర్సీ వేసుకున్న మనిషిని చూసి కళ్లు చెమర్చడంలో వింత లేదు.

అయినా అక్కడే ఆగిపోతే కజోర్లా కెరీర్‌లో సగం మనకు కనిపించదు. ఒక ఆటగాడి బతుకును అతని కాళ్లెంత నిర్ణయిస్తాయో, అతను ఆడే క్లబ్ ఎవరి చేతిలో ఉందన్నదీ అంతే నిర్ణయిస్తుందని అతని ఇరవై రెండేళ్ల ప్రయాణం అడుగడుగునా చెబుతోంది. స్పెయిన్ జట్టుతో గెలిచిన యూరో (యూరప్ దేశాల టోర్నీ) 2008, 2012 పతకాల కన్నా నాకు ఈ సంగతే ముఖ్యం.

2003లోనే దానికి మొదటి రుజువు దొరుకుతుంది. ఒవియెడో అకాడమీలో పెరిగిన ఆ కుర్రాడు సొంత ఊరి సీనియర్ జట్టుకు ఒక్క మ్యాచ్ కూడా ఆడకుండానే విల్లారియల్‌కు వెళ్లిపోయాడు. కారణం క్లబ్ దివాళా. ఆటగాళ్లకు జీతాలు చెల్లించలేక, మైదానంలో ఓడిన దానికి తోడు ఆర్థిక శిక్ష కూడా పడి, ఒవియెడో ఏకంగా నాలుగో శ్రేణికి జారిపోయింది. నగర పాలకులు సైతం దాన్ని వదిలేసి, పక్కనున్న మరో చిన్న క్లబ్‌ను ఊరి జట్టుగా నిలబెట్టాలని చూశారు. జనం ఒప్పుకోలేదు. నాలుగో శ్రేణిలో ఆడుతున్న జట్టుకే వేల మంది సీజన్ టికెట్లు కొన్నారు.

రెండో రుజువు స్పెయిన్‌లోని మరో క్లబ్ మలగాలో ఉంది. 2011లో ఖతార్ యజమాని డబ్బు వెదజల్లి తెచ్చుకున్న ఆటగాళ్లలో కజోర్లా ఒకడు. జట్టు నాలుగో స్థానంలో నిలిచి తొలిసారి ఛాంపియన్స్ లీగ్‌కు అర్హత సాధించింది. ఆ వేసవికే యజమాని చేయి బిగించాడు, జీతాలు ఆగాయి, కజోర్లాను ఆర్సెనల్‌కు అమ్మేశారు. లండన్ అభిమానులకు అది వరమైంది. ఏ కాలు బలమైనదో తోటి ఆటగాళ్లకే అంతుపట్టని ఈ ఐదున్నర అడుగుల మనిషి, 2014లో ఇంగ్లండ్ ఎఫ్ఏ కప్ ఫైనల్‌లో హల్ సిటీ ఎనిమిది నిమిషాల్లో రెండు గోల్స్ కొట్టిన తర్వాత, ఫ్రీ కిక్‌తో ఆర్సెనల్‌ను మళ్లీ ఆటలోకి లాగాడు. మలగా మాత్రం 2023 నాటికి మూడో శ్రేణికి పడిపోయింది. ఒక్కడి మనసు మారితే ఒక ఊరి కల ఎక్కడికి జారుతుందో చూడడానికి ఇంతకన్నా రుజువు అక్కర్లేదు.

ఈ రెండు పతనాలకూ వేరు ఒక్కటే అని నా వాదన. 1990 నాటి క్రీడా చట్టం అప్పుల పాలైన స్పెయిన్ వృత్తి క్లబ్బులను షేర్లున్న కంపెనీలుగా మారమని నిర్బంధించింది. రియల్ మాడ్రిడ్, బార్సిలోనా, అథ్లెటిక్ బిల్బావో, ఒసాసునా మాత్రమే సభ్యుల క్లబ్బులుగా మిగిలాయి. అప్పుల క్రమశిక్షణ కోసమని తెచ్చిన ఏర్పాటు, ఒవియెడోలోనూ మలగాలోనూ అప్పులను ఆపలేదు సరికదా, క్లబ్ ఎటు పోవాలో చెప్పే హక్కును అభిమానుల నుంచి లాగేసుకుంది.

దీనికి ఎదురు వాదన ఉంది, అది బలహీనమైనదేమీ కాదు. 2012 నవంబరులో మూతపడబోయిన ఒవియెడోలో రెండు మిలియన్ యూరోలు పెట్టింది మెక్సికో కుబేరుడు కార్లోస్ స్లిమ్. 2022 నుంచి దాన్ని నడిపిస్తున్నది మెక్సికోకే చెందిన పచూకా సంస్థ. పెట్టుబడిదారు లేకుండా లా లిగా ఎక్కడిదని అడిగేవారికి చెప్పేదొక్కటే: స్లిమ్ రాకముందే షేరుకు 10.75 యూరోల చొప్పున ప్రపంచం నలుమూలల నుంచి వేల మంది కొన్నారు. ఆ అకాడమీ నుంచే వచ్చిన కజోర్లా, హువాన్ మాటా, మిచు కూడా కొన్నారు. తొమ్మిదేళ్లు జనం ప్రాణం నిలబెట్టకపోతే స్లిమ్ కొనడానికి అక్కడ క్లబ్బే ఉండేది కాదు.

2023 ఆగస్టులో, ఖతార్‌లోని అల్ సద్‌లో మూడేళ్లు ఆడిన తర్వాత, కజోర్లా ఒవియెడోకు వచ్చాడు. అప్పటికే సంపాదించుకున్నవాడికి ఇదేం త్యాగమని కొందరన్నారు. ఒప్పందం చదివితే ఆ మాట నిలవదు. ఉచితంగానే ఆడతానన్నాడు, నిబంధనలు ఒప్పుకోకపోవడంతో లీగ్ కనీస జీతం తీసుకున్నాడు. దానితో పాటు తన పేరుతో అమ్ముడయ్యే జెర్సీల ఆదాయంలో పది శాతం అకాడమీకి చెందాలని రాయించుకున్నాడు. 2024 ప్లేఆఫ్ ఫైనల్‌లో ఎస్పాన్యోల్ చేతిలో ఓడినా వెళ్లిపోకుండా మరో ఏడాది ఆడాడు.

నన్ను పట్టి నిలిపేది ఆ పది శాతమే. పద్దెనిమిదేళ్ల వయసులో ఏ అకాడమీ తనను నిలుపుకోలేకపోయిందో, దానికి డబ్బు చేరే దారిని ఆటగాడే వేశాడు. 2022లో వచ్చిన కొత్త క్రీడా చట్టం కంపెనీగా మారాలన్న నిర్బంధాన్ని ఎత్తేసింది గానీ, ఇప్పటికే కంపెనీలైన క్లబ్బుల్లో అభిమానుల మాటకు విలువ తిరిగి తేలేదు. ప్రతి క్లబ్ పాలకమండలిలో అభిమానులకు ఓటున్న స్థానం, ఆదాయంలో అకాడమీకి తప్పనిసరి వాటా చట్టంలోకి ఎక్కాలి. యజమాని మారినా, మనసు మార్చుకున్నా ఆ రెండూ చెక్కుచెదరకూడదు. ఒవియెడో అకాడమీలో ఈ రోజు బంతి తన్నుతున్న కుర్రాడు పద్దెనిమిదేళ్లకు ఊరు విడిచి వెళ్లాలా వద్దా అన్నది మెక్సికోలోని ఒక కార్యాలయం లెక్కల మీద ఆధారపడకూడదు.