మాతృ వందన రెండవ వాయిదా గారి సముఖమునకు

అయ్యా,

చంద్రగిరి నుంచి ఒక మేనమామ నమస్కరించి వ్రాయునది.

మా అక్క తొలి కాన్పుకు పుట్టింటికి వచ్చి, ఆడబిడ్డను కని, పద్నాలుగు వారాల టీకాలు కూడా వేయించి, తల్లులకు కేంద్రం ఇచ్చే మాతృ వందన పథకం సొమ్ములో రెండో కిస్తీ అయిన తమరి రాక కోసం ఎదురుచూస్తున్నది. మూడు వేల రూపాయల మీ అన్నగారు, మొదటి వాయిదా, గర్భం నమోదై ఒక్క పరీక్ష జరగగానే వచ్చి వెళ్లారు. తమరు రెండు వేలవారే అయినా, జనన నమోదు, తొలి విడత టీకాలు పూర్తయితే గాని గడప తొక్కనన్నారు. బిడ్డ ఏడ్చుకుంటూనైనా తన వంతు పూర్తిచేసింది.

ఆటంకమేమిటని విచారించగా తెలిసినది ఇది: గర్భం నమోదైనది చిత్తూరు పక్కన అత్తవారి ఊళ్లో, టీకాలు పడినది ఇక్కడ; 2022 ఏప్రిల్ 4 నుంచి ఆ ఊరొక జిల్లా, మా ఊరొక జిల్లా. పైగా ఆధార్‌లో మా ఇంటిపేరు, తల్లీబిడ్డల కార్డులో అత్తవారి ఇంటిపేరు. పెళ్లి జరిగిందని విస్తరి ముందు కూర్చున్న ప్రతివాడూ సాక్ష్యం చెబుతాడు గాని, తమరు ఊరి మాట వినరు కదా.

కూలి పోయిన తల్లికి కాస్త విశ్రాంతి దొరకాలన్నదే తమరి అవతార లక్ష్యమని చదివాను. అక్క చిత్తూరులో ఒక చిన్న బట్టల కొట్టులో చీరలు విప్పి చూపించి, మళ్లీ మడతలు పెట్టేది. పదిమందికి తక్కువ పనివారున్న కొట్టు కనుక, చట్టం చెప్పే 26 వారాల జీతపు సెలవు ఆమెకు వర్తించదు. మీ అన్నదమ్ములిద్దరి 5,000 రూపాయలను ఆ 26 వారాలకే పంచి చూశాను. రోజుకు 27 రూపాయలు వచ్చింది. కొండమీద 50 రూపాయల లడ్డూలో సగానికి కొంచెం ఎక్కువ, ప్రసాదమనుకుని కళ్లకద్దుకుంటాం.

2013 నాటి ఆహార భద్రతా చట్టం 6,000కు తగ్గకుండా ఇవ్వాలన్నది. 2017లో తమరు 5,000గా అవతరించారు. తక్కిన వెయ్యి, ఆసుపత్రి కాన్పుకు సొమ్మిచ్చే జననీ సురక్ష పథకం తీరుస్తుందని పెద్దలు సర్దిచెబుతారు. అన్నట్టు, రెండో కాన్పులో ఆడపిల్ల పుడితే 6,000, మగపిల్లవాడు పుడితే సున్నా. మగబిడ్డను కన్న తల్లికి కూలి నష్టం ఉండదని తమరు ఏ శాస్త్రంలో చూశారో, తీరిక ఉన్నప్పుడు సెలవివ్వగలరు.

అంగన్‌వాడీ టీచరమ్మను మాత్రం ఏమీ అనకండి. ఆమె మీ తరఫున మాచేత కావలసినన్ని మాటలు పడింది.

ఇక ఇంటిపేరు విషయంలో తమరి ఆజ్ఞ శిరసావహిస్తాం. ఆధార్ మార్చమంటే మారుస్తాం, కార్డు మార్చమంటే మారుస్తాం. రెండూ కుదరవంటే బావను ఇల్లరికం తెచ్చుకుంటాం. అడిగి చూశాను, ఆయనకేమీ అభ్యంతరం లేదట.

ఇట్లు,
బిడ్డ మేనమామ