చెట్టెక్కిన కోళ్లు, చెట్టెక్కిన అల్లుడు

కోడి తెల్లవారుజామున ఏం చేస్తుందో లోకమంతటికీ తెలుసు. పొద్దుగూకే వేళ ఏం చేస్తుందో మాత్రం పెంచేవాళ్లకే తెలుసు. మా ఇంట్లో అయితే చెట్టెక్కుతుంది.

గూడు లేక కాదు. మా నాన్నగారు వడ్రంగిని పిలిపించి, పాత పందిరిమంచం పట్టెలతో కట్టించారు. పైన ఇనప రేకు, ముందు జాలీ, తలుపుకి గొళ్లెం. ఆ మంచం మీద మా తాతగారు పోయేదాకా పడుకున్నారు, ఒక్కనాడూ వంక పెట్టలేదు. కోళ్లకి మాత్రం నచ్చలేదు. చీకటి పడబోతోందనగా నల్లపెట్ట ముందు, మెడబోసిది వెనక, తక్కినవి ఆ వెనక, వరసగా గూటి దాకా వచ్చేవి. అద్దె ఇల్లు చూడ్డానికొచ్చినవాళ్లలా మెడ వంచి లోపలికి తొంగి చూసి, తమలో తాము ఏదో గొణుక్కుని, తిన్నగా మునగచెట్టు మీదకి ఎగిరిపోయేవి. డేగపుంజు స్థాయి వేరు. దాని పడక డిష్ యాంటెన్నా మీద.

ఇవి కాక రెండు వనరాజా పెట్టలున్నాయి. హైదరాబాదు రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థవాళ్లు పెరటి పెంపకం కోసమని తయారుచేసిన రకం. ఒళ్లు బరువు, చెట్టెక్కలేవు. అందుకని నా బండి సీటు మీద పడుకునేవి. నా ప్యాంటు గురించి ఆఫీసులో జరిగిన చర్చ ఇక్కడ అనవసరం.

నూకలు చల్లి "బో బో బో" అని పిలిస్తే వచ్చేవి, తినేవి, వెళ్లిపోయేవి. కర్ర పట్టుకుంటే తలో దిక్కూ చూసుకునేవి. "పోనిద్దురూ, వీటి తాతముత్తాతలు అడవికోళ్లేగా, చెట్టు మీద పడుకుంటే ఏం పోయింది" అనేది మా అమ్మ, బావురుపిల్లి ఒక పెట్టని ఎత్తుకుపోయేదాకా. ఆ మర్నాటి నుంచి కోళ్లని గూట్లో పెట్టడం ఇంట్లో అందరి పనీ అయింది. అందరి పని అంటే ఎవరు చేస్తారో మీకూ తెలుసు.

సరిగ్గా అప్పుడు సంక్రాంతికి అల్లుడుగారొచ్చారు.

"కనుమకి ఆ డేగని కోద్దామంటే అది చేతికి దొరకదు నాయనా. పెట్టలేమో చెట్టు దిగవు. ఇంట్లో మగాళ్లు ఉన్నా లేనట్టే" అని మా అమ్మ నా వంక చూసి నిట్టూర్చింది. "అదెంత పని అత్తయ్యగారూ" అన్నారు బావగారు. మనుషుల్ని మాటలతో మునగచెట్టు ఎక్కించడం మా అమ్మకి కొత్త కాదు. నిచ్చెన వేసి ఎక్కించడం అదే మొదలు.

మునగకొమ్మ ఎంత పెళుసో మా ఊళ్లో చిన్నపిల్లలకి కూడా తెలుసు. బావగారు పుట్టి పెరిగింది హైదరాబాదులో. కొత్త పంచె ఎగ్గట్టి, ఫోన్‌లో టార్చి వెలిగించి చొక్కా జేబులో పెట్టుకుని ఎక్కారు. కింద మా తమ్ముడు నిచ్చెన పట్టుకున్నాడు. వాడు వెటర్నరీ చదువుతున్నాడు, సందు దొరికితే పాఠమే.

"కోడి కొమ్మ మీద కూర్చుని కాళ్లు మడవగానే లోపలి కండరాల తాళ్లు లాగి, వేళ్లు వాటంతటవే కొమ్మని పట్టేసుకుంటాయి బావగారూ. అందుకే నిద్రలో కూడా పడిపోదు."

"నాకా ఏర్పాటు లేదురా, నువ్వు నిచ్చెన చూసుకో."

టార్చి వెలుగు మొహాన పడగానే నల్లపెట్టకి తెల్లారింది. అది అరిచింది, తక్కినవి అందుకున్నాయి, బావగారు కంగారుగా పై కొమ్మ పట్టుకున్నారు. కొమ్మా ఆయనా కలిసే దిగారు. కింద గడ్డిమేటు ఉంది కాబట్టి సరిపోయింది. అల్లుడికి దెబ్బ తగిలిందేమోనని మా అమ్మ, కొమ్మనిండా ఉన్న పూత పోయిందే అని మా నాన్న పరిగెత్తుకొచ్చారు.

ఈ గోలంతా గోడ అవతల నుంచి పక్కింటి పెద్దమ్మ చూస్తూనే ఉంది. "ఒరే అబ్బాయ్, ముందా లైట్లన్నీ ఆర్పండి" అంటూ వచ్చి అరుగు మీద కూర్చుంది. చుట్ట కాల్చడం అయ్యాక లేచింది. చీకట్లో కోడికి కళ్లు సరిగా ఆనవు, కదలదు. పెద్దమ్మ కింది కొమ్మ మీదున్న పెట్ట పొట్ట కింద ముంజేయి ఆనించింది. అది ఇంకో కొమ్మ అనుకుని బుద్ధిగా చేతి మీదకి అడుగేసింది. చంకకొకటి చొప్పున పట్టుకుని గూటి దగ్గరికి నడిచింది. చెయ్యి లోపల పెట్టింది, వెంటనే వెనక్కి లాక్కుంది.

"ఇందులో మీరు పడుకుంటార్రా?"

లైటేసి చూస్తే మోచేతి దాకా ఎర్రటి నలుసులు పాకుతున్నాయి. కోడిపేలు. పగలంతా చెక్క సందుల్లో దాక్కుని, రాత్రిపూట బయటికొచ్చి రక్తం తాగుతాయని తమ్ముడు రెండో పాఠం మొదలెట్టాడు. పందిరిమంచం పట్టెలకి సందులకేం తక్కువ? తాతగారు ఎందుకు వంక పెట్టలేదో అప్పటి నుంచీ ఆలోచిస్తున్నాను.

పండగపూట అందరం కలిసి గూడు ఊడదీశాం. ఎండబెట్టి, సందులన్నిటికీ సున్నం కొట్టి, కింద బూడిద పోసి, చీలమండల ఎత్తులో ఉన్న కర్రని నడుమెత్తుకి మార్చాం. గూడు అలవాటు పడేదాకా పెట్టల్ని బయటికి వదల్లేదు. పై కర్ర కోసం లోపల పెద్ద యుద్ధమే జరిగింది. నల్లపెట్ట గెలిచింది. డేగ మాత్రం కనుమ దాటేదాకా యాంటెన్నా దిగలేదు. మేం సెంటర్లో బ్రాయిలర్ కొని తెచ్చుకున్నాం. ముక్కనుమ సాయంత్రం అది దానంతటదే వచ్చి, నల్లపెట్టని జరిపి, గూట్లో కూర్చుంది.

ఇప్పుడు చిక్కు వేరే. పొద్దుగూకితే పెద్దమ్మ పెట్టలు కూడా గోడ దూకి మా గూట్లోకే వస్తున్నాయి. తెల్లారగానే గిన్నె పట్టుకుని ఆవిడ. "మా పెట్టల గుడ్లు నాకు తెలీవా" అంటూ పెద్దవన్నీ ఏరుకుంటుంది. నిన్న ఉండబట్టలేక అడిగాను.

"పెద్దమ్మా, నీ పెట్టలు రెండేగా, గుడ్లు ఐదెలా వచ్చాయే?"

"గూడు బావుంది కదరా" అంది, గిన్నె మీద కొంగు కప్పుకుంటూ.