నివాస కార్డు గారికి ఇల్లరికపు అల్లుడి బహిరంగ లేఖ

గౌరవనీయులైన నివాస కార్డు గారికి,

నమస్కారాలు. నా పర్సులో బస్సు పాసుకూ ఆరోగ్య బీమా కార్డుకూ మధ్య మీరు క్షేమంగానే ఉన్నారు. మీ పూర్తి నామధేయం 'యూరోపియన్ యూనియన్ పౌరుల కుటుంబ సభ్యుల నివాస కార్డు'. అంత పెద్ద పేరు పెట్టుకుని కూడా మీరు ఎవరికీ తెలియదు. చదువుకున్న ఉద్యోగ నిపుణులకిచ్చే బ్లూ కార్డు అంటే కూకట్‌పల్లిలో కన్సల్టెన్సీ నడిపేవాళ్లు సైతం గడగడా చెబుతారు. మీ పేరు ఎత్తితే యూరప్ విమానాశ్రయాల్లో పనిచేసేవాళ్లే కనుబొమలు ముడుస్తారు. అందుకే ఈ ఉత్తరం మీ ఒక్కరికే కాకుండా అందరికీ వినపడేలా రాస్తున్నాను.

నా భార్య పోర్చుగీసు పౌరురాలు. నేను ఖమ్మం జిల్లావాణ్ని. కాపురం జర్మనీలో. ఈ మూడూ కలిస్తేనే మీరు పుడతారు, ఒక్కటి తప్పినా పుట్టరు. 2004 ఏప్రిల్ 29న యూరోపియన్ యూనియన్ చేసిన 2004/38 ఆదేశం ప్రకారం, సొంత దేశం విడిచి మరో సభ్య దేశంలో పనిచేసుకుంటున్న పౌరురాలు తన భర్తను వెంట ఉంచుకోవచ్చు, అతను ఏ దేశం వాడైనా సరే. అతన్ని భాష పరీక్ష రాయమనకూడదు. వీసాకు రుసుము అడగకూడదు. అదే మామూలు షెంగెన్ వీసా (ఒకే వీసాతో తిరగనిచ్చే యూరప్ దేశాల కూటమిది) అయితే 2024 జూన్ నుంచి 90 యూరోలు. మూడు నెలలు దాటి ఉండేవాడికి మిమ్మల్ని ఇవ్వాలి, అదీ తమ పౌరుల దగ్గర ఇలాంటి పత్రాలకు తీసుకునేదానికన్నా ఎక్కువ తీసుకోకుండా. వింటుంటే ఇల్లరికపు అల్లుడి వైభోగంలా లేదూ? అదే మరి. ఇంట్లో చోటుంది, పనిచేసుకునే స్వేచ్ఛ ఉంది, కొంత మర్యాద కూడా ఉంది. కానీ ఇల్లు నాది కాదు. నోరు తెరిచి ఏది అడిగినా "అమ్మాయి ఏది?" అనే ప్రశ్నే ముందు ఎదురొస్తుంది.

దానికి నేను బాధపడటం లేదు. అమ్మాయి మంచిదే. నా తగవు మీతో.

ఆ ఆదేశంలో 25వ అధికరణ ఒకటుంది, మీరు ఎప్పుడైనా చదివారా? మీరు చేతిలో ఉండటాన్ని ఏ హక్కుకూ, ఏ పరిస్థితిలోనూ ముందస్తు షరతుగా పెట్టరాదని, హక్కును వేరే ఏ సాక్ష్యంతోనైనా రుజువు చేసుకోవచ్చని అందులో ఉంది. అంటే నాకు హక్కు ఇచ్చింది మీరు కాదు. మేం పెళ్లి చేసుకుని, ఆవిడ ఇక్కడికి వచ్చి ఉద్యోగంలో చేరడంతోనే అది వచ్చేసింది. మీరు దానికి సాక్షి, అంతే. ఆ సాక్షి ఇప్పుడు న్యాయమూర్తి కుర్చీలో కూర్చున్నాడు. ఇల్లు అద్దెకిచ్చేవారు మిమ్మల్నే అడుగుతారు. బ్యాంకు మిమ్మల్నే అడుగుతుంది. పెళ్లి పత్రం, దాని మీద విదేశాల్లో చెల్లడానికి వేసే అపోస్టిల్ ముద్ర, దానికి ప్రమాణ అనువాదకుడి అనువాదం, అన్నీ పరిచిపెట్టినా "అవన్నీ సరే, కార్డు?" అంటారు. 25వ అధికరణ గురించి చెబితే, జాలిగా చూస్తారు.

మరి అంత ముఖ్యులైన తమరు సమయానికి వస్తారా అంటే, అదీ లేదు. దరఖాస్తు ఇచ్చిన ఆరు నెలలలోపు మీరు రావాలని, దరఖాస్తు అందినట్టు రశీదు వెంటనే ఇవ్వాలని 10వ అధికరణ చెబుతోంది. 'వెంటనే' అన్న చోట మా ఊరి విదేశీయుల కార్యాలయం ఎంతో నిదానం చూపింది. రశీదు కావాలంటే అపాయింట్‌మెంటు కావాలి. అపాయింట్‌మెంటుకు ఈమెయిలు పంపాలి. ఈమెయిలు పంపితే 'మీ ఈమెయిలు అందినది' అని మరో ఈమెయిలు వస్తుంది. నాకు చాలాకాలం దక్కిన రశీదు అదే. గడువు దాటితే ఏమవుతుందన్నది బెల్జియం నుంచి వెళ్లిన ఒక కేసులో తేలింది. ఆరు నెలలు దాటితే కార్డు దానంతటదే ఇచ్చేయాలన్న అక్కడి నిబంధన చెల్లదని, షరతులకు సరిపోతాడో లేదో చూడకుండా కార్డు ఇవ్వకూడదని లక్సెంబర్గులోని యూరోపియన్ న్యాయస్థానం 2018లో చెప్పింది. న్యాయంగా ఆలోచిస్తే సబబే. అయినా ఒక్కటి గమనించండి. దరఖాస్తు పెట్టడంలో నేను ఆలస్యం చేస్తే జరిమానా వేసే వీలు ఆ ఆదేశంలోనే ఉంది.

ఇక డబ్లిన్ సంగతి. ఐర్లాండ్ షెంగెన్‌లో లేదు, నా భారత పాస్‌పోర్టుకు వీసా కావాలి. కానీ భార్యతో కలిసి గానీ, ఆమెను చేరుకోవడానికి గానీ వెళ్లేవాడి దగ్గర మీరుంటే వీసా అక్కర్లేదని 5వ అధికరణ. నాకు కంఠస్థం. విమాన సంస్థ కౌంటరులోని అమ్మాయికి మాత్రం ఆ అధికరణతో పరిచయం లేదు. ఆమె మిమ్మల్ని అటు తిప్పింది, ఇటు తిప్పింది, గోటితో గీకింది. ఎవరికో ఫోను చేసింది. ఆ ఎవరో ఇంకెవరినో అడిగారు. మా వెనక వరుస పెరిగింది. ఆ సేపంతా మీరేం చేశారు? నోరు మెదిపారా? వీపు మీద అంత చోటు పెట్టుకుని, 'ఇతన్ని వీసా అడగవద్దు' అని ఒక్క ముక్క రాయించుకోలేకపోయారా? నా భార్య కౌంటరు మీద మోచెయ్యి ఆనించి పోర్చుగీసులో ఏదో అంది. అది దీవెన కాదు. చివరికి మమ్మల్ని ఎక్కించారు. డబ్లిన్‌లో దిగాక అక్కడి అధికారి మిమ్మల్ని చూశాడు, ఆమెను చూశాడు, ముద్ర కొట్టి పంపేశాడు. తెలిసినవాడికి అదెంత పని!

ఆ అమ్మాయిని తప్పుపట్టను. పత్రాలు లేనివాణ్ని ఎక్కిస్తే జరిమానా పడేది విమాన సంస్థకే. 2017 అక్టోబరులో లండన్ నుంచి బుడాపెస్ట్ వెళ్లిన రయానైర్ విమానంలో యుక్రెయిన్ పౌరులు ఒకరున్నారు. వారి దగ్గర ఉన్నది మీరు కూడా కాదు, మీ అన్నగారు. ఐదేళ్లు వరుసగా నివసించినవారికి వచ్చే శాశ్వత నివాస కార్డు, అప్పటికింకా యూనియన్‌లోనే ఉన్న బ్రిటన్ ఇచ్చినది. హంగరీ పోలీసులు ఆ ప్రయాణికుణ్ని లోపలికి రానివ్వలేదు. పైగా రయానైర్‌కు 3,000 యూరోల జరిమానా వేశారు. వారి తర్కం రసవత్తరమైనది: వీసా మినహాయింపు రాసిన వాక్యంలో తమ్ముడి పేరే ఉంది, అన్న పేరు లేదు, కాబట్టి అన్నకు మర్యాద లేదు. ఐదేళ్లు ఉండి హక్కు గట్టిపడ్డాక, పాత అల్లుడికి కొత్త అల్లుడి పాటి గౌరవం కూడా దక్కదన్నమాట. ఆ వాదన చెల్లదని, కార్డు చూపితే చాలని, కుటుంబ సభ్యుడినని మళ్లీ వేరే రుజువు పెట్టనక్కర్లేదని 2020 జూన్ 18న న్యాయస్థానం తేల్చింది. ఆ మాటకొస్తే బ్రిటన్ కూడా తక్కువ తినలేదు. స్పెయిన్ ఇచ్చిన కార్డున్న కొలంబియా ఇల్లాలిని, భర్త బ్రిటిష్ పౌరుడైనా సరే, ఆరు నెలలకోసారి కొత్త అనుమతి పత్రం తెచ్చుకోమనేది. దొంగ పెళ్లిళ్లు ఎక్కువయ్యాయన్నది సాకు. ఎవరో కొందరు మోసం చేస్తారని అందరినీ ఆ గాటన కట్టకూడదని 2014లో తీర్పు వచ్చింది. తీర్పులన్నీ మీ పక్షానే వస్తున్నాయి, కౌంటర్లు మాత్రం మీ మాట వినడం లేదు. మీ ముఖంలో ఏదో లోపముంది.

ఇంతకన్నా పెద్ద వింత మరొకటుంది. లోకంలో ఎక్కడైనా ఇల్లరికం అంటే మామగారింటికి వెళ్లడం. మీ ఇల్లరికం పక్కింట్లో! రేపు మేం పోర్చుగల్ వెళ్లి అత్తగారి ఊళ్లోనే కాపురం పెడదామంటే, మీరు నన్ను ఎరగనట్టు మొహం తిప్పుకుంటారు. 3వ అధికరణ ప్రకారం పౌరురాలు సొంత దేశం కాని సభ్య దేశంలో ఉంటేనే మీ ఆదేశం వర్తిస్తుంది. సొంతింట్లో ఉంటే ఆ దేశపు చట్టమే గతి. ఆ చట్టాలు దేశానికొక తీరు.

మా పక్క వీధిలో గుంటూరు కుర్రవాడు ఉన్నాడు. మొదట బ్లూ కార్డు మీద వచ్చాడు. 2024 జూన్‌లో చట్టం మారి ఐదేళ్లకే జర్మన్ పౌరసత్వం ఇస్తామనగానే తీసుకున్నాడు, భారత పాస్‌పోర్టు వదులుకున్నాడు. తర్వాత పెళ్లయింది. జర్మన్ పౌరుడి భార్య రావాలంటే సాధారణంగా ఏ1 అనే ప్రాథమిక స్థాయి జర్మన్ భాష పరీక్ష పాసవ్వాలి. ఆమె హైదరాబాదులో ఆ పరీక్షకు చదువుతోంది. అతను బ్లూ కార్డు మీదే ఉండి ఉంటే ఈ పరీక్ష లేదు. నా భార్య పోర్చుగీసు కాబట్టి నాకూ లేదు. 2024 మార్చి 1న గానీ ఆ తర్వాత గానీ తొలిసారి పని అనుమతి పొందిన నిపుణులు తల్లిదండ్రులను కూడా తెచ్చుకునే వీలుంది. ఈ జర్మన్ పౌరుడికి ఆ వీలు లేదు, భరించలేని కష్టమేదో ఉందని నిరూపిస్తే తప్ప. పరాయివాడిగా ఉన్నన్నాళ్లూ వాకిట్లో పరిచిన తివాచీని, ఇంటివాడు కాగానే చుట్టేశారు. అతను ఈమధ్య మా ఆవిడను చూసి "వదినగారూ, మీరెంత అదృష్టవంతులు, మీ దేశంలో మీరు లేరు" అన్నాడు. ఆమె నవ్వాలో ఏడవాలో తేల్చుకోలేదు.

ఈ తలకిందుల లెక్కను మొదట వాడుకున్నది మనవాడే, పంజాబీ సోదరుడు. సురీందర్ సింగ్ 1982లో బ్రిటిష్ పౌరురాలిని పెళ్లాడాడు. ఇద్దరూ 1983 నుంచి 85 దాకా జర్మనీలో పనిచేసి, వ్యాపారం పెట్టుకుందామని బ్రిటన్ తిరిగి వచ్చారు. తర్వాత బ్రిటన్ అతన్ని పంపేయబోయింది. పరదేశంలో పనిచేసి తిరిగి వచ్చిన పౌరురాలితో పాటు భర్త హక్కు కూడా తిరిగి వస్తుందని 1992 జూలై 7న న్యాయస్థానం చెప్పింది. అప్పటి నుంచి అది 'సురీందర్ సింగ్ దారి' అయింది. 2012లో బ్రిటన్ విదేశీ భార్యాభర్తలను తెచ్చుకోవాలంటే ఏడాదికి 18,600 పౌండ్ల ఆదాయం ఉండాలన్నప్పుడు, అంత రాబడి లేని బ్రిటిష్ వాళ్లు మూటాముల్లె సర్దుకుని ఐర్లాండ్ పోయి, కొన్నాళ్లు కాపురముండి వెనక్కి వచ్చారు. డెన్మార్క్ 2002లో విదేశీ భార్యనో భర్తనో తెచ్చుకోవాలంటే ఇద్దరికీ 24 ఏళ్లు నిండాలంది. అంతకు రెండేళ్ల ముందే డెన్మార్క్‌ను స్వీడన్‌తో కలిపే ఓరెసుండ్ వంతెన తెరిచారు కాబట్టి, డేనిష్ కుర్రకారు స్వీడన్‌లోని మాల్మోలో ఇల్లు తీసుకుని రోజూ కోపెన్‌హేగన్‌లో ఉద్యోగానికి వెళ్లి రావడం మొదలుపెట్టారు. సొంత దేశంలో భార్యతో ఉండాలంటే ముందు సొంత దేశం విడవాలి! వారాంతాలకీ సెలవులకీ పోయి వస్తే లెక్కలోకి రాదని, మూడు నెలలు దాటిన నిజమైన కాపురం ఉండాలని 2014లో మరో తీర్పు కూడా వచ్చింది. నిజమైన కాపురమేదో కొలిచే పని కూడా పాపం కోర్టుల మీదే పడింది.

మా అమ్మ విషయం చెప్పకపోతే ఈ ఉత్తరానికి అర్థం లేదు. మీ ఆదేశంలో 2వ అధికరణ పౌరురాలి భర్త తల్లిదండ్రులను కూడా కుటుంబమే అంటోంది, ఆధారపడి ఉంటే. అంటే కోడలి హక్కు మీద అత్తగారు రావచ్చు. సంతోషించి వివరాలు తీశాను. స్వీడన్‌లో జర్మన్ కోడలి దగ్గర ఉందామనుకున్న చైనా అత్తగారి కేసులో 2007లో తీర్పుంది: ఆధారపడటం ఆమె వచ్చిన దేశంలోనే ఉండాలి, పైగా 'మేం పోషిస్తాం' అని కోడలో కొడుకో రాసిచ్చిన హామీ ఒక్కటే చాలదు అనవచ్చు. నెలనెలా డబ్బు పంపిన ఆధారాలు, అవి లేకపోతే ఆమెకు గడవదన్న ఆధారాలు కావాలి. ఫోనులో అమ్మకు నెమ్మదిగా వివరించాను. అంతా విని, "కోడలి సంపాదన మీద బతుకుతున్నానని నేను కాగితం మీద పెట్టాలా? మీ నాన్న పింఛను నా పేరున వస్తోంది. ఇల్లు నా పేరున ఉంది. పోయిన సంక్రాంతికి దాని మెళ్లో గొలుసు వేసింది నేను. ఆ కాగితం అటక మీద పడెయ్" అంది. తన దరఖాస్తును తానే పరిశీలించి, తానే తిరస్కరించింది. కారణాలు కూడా వివరంగా చెప్పింది. ఇంత త్వరగా నిర్ణయం తీసుకున్న కార్యాలయాన్ని నేను యూరప్‌లో చూడలేదు.

చివరగా ఒక చిన్న భయం. పెళ్లి కనీసం మూడేళ్లు నిలిచి, అందులో ఒక ఏడాది ఇక్కడే గడిస్తే, విడాకులైనా నా హక్కు పోదని 13వ అధికరణ అంటుంది. బాగుంది. కానీ ఐర్లాండ్‌లో కుల్దీప్ సింగ్ అనే మరో భారతీయుడి కేసులో 2015లో న్యాయస్థానం ఒక మెలిక చూపించింది. భార్య విడాకుల దావా వేసిన తర్వాత దేశం విడిచి వెళ్తే భర్త ఉండవచ్చు. ముందు వెళ్లిపోయి, తర్వాత దావా వేస్తే అతని హక్కు ఆమె విమానంతోనే పోయినట్టు. ఒక సింగ్ తెరిచిన తలుపు, ఇంకో సింగ్ ముఖం మీద పడింది. కాబట్టి అమ్మాయి అలిగితే ఫరవాలేదు, వరుసక్రమం తప్పకుండా అలగాలి: ముందు కోర్టు, తర్వాత విమానాశ్రయం.

ఈ తీర్పు చదివినప్పటి నుంచి, మా ఆవిడ సూట్‌కేసు దించినప్పుడల్లా ఎక్కడికి, ఎన్నాళ్లకు, ఎప్పుడొస్తావు అని వెంటపడి అడుగుతున్నాను. పెళ్లయిన ఇన్నేళ్లకు నాలో ప్రేమ పెరిగిందని ఆమె లిస్బన్‌లోని అక్కలకు చెప్పుకుంటోంది. కౌంటర్ల దగ్గర పాటించే మౌనాన్ని దయచేసి ఈ విషయంలో కూడా పాటించగలరు.

ఇట్లు,
పోర్చుగల్ వారి అల్లుడు,
జర్మనీ మకాం