‘గట్టి జట్లతో ఆడి గెలవండి’ అంటారు సరే, ఆడనిచ్చేదెవరు?

మార్చి వచ్చిందంటే అమెరికాలో మనవాళ్ల ఆఫీసుల్లోనూ కాలేజీ బాస్కెట్‌బాల్ టోర్నీ బ్రాకెట్ల (ఎవరు గెలుస్తారో ముందే ఊహించి నింపే పట్టికల) సందడే. దాంతోపాటే ఏటా ఒక పోస్టు చక్కర్లు కొడుతుంది. అందులోని మాటలు దాదాపు ఇవే: ‘‘చిన్న కాలేజీలకు అన్యాయం అన్నది ఉత్త ఏడుపు. గట్టి జట్లతో ఆడి గెలిస్తే ఎవరూ ఆపరు. ర్యాంకులిచ్చేది కంప్యూటర్, దానికి పేర్లు తెలియవు. గొంజాగా అనే చిన్న లీగ్ కాలేజీ చేసి చూపించింది కదా. 2025లో స్వీట్ 16కి, అంటే చివరి 16 జట్ల దశకు, ఒక్క చిన్న జట్టూ రాలేదు, ఇంకేం రుజువు కావాలి?’’

పురుషుల కాలేజీ బాస్కెట్‌బాల్‌లో జాతీయ టోర్నీకి 2025లో వెళ్లినవి 68 జట్లు. వాటిలో 31 తమ లీగ్ టైటిల్ గెలిచి నేరుగా వచ్చాయి. మిగతా 37 సెలక్షన్ కమిటీ ఎంపికలు. గొడవంతా ఈ 37 దగ్గరే. ఆ ఏడాది వాటిలో 33 అయిదు పెద్ద లీగులకే పోయాయి. మిగిలిన లీగులన్నిటికీ కలిపి దక్కినవి నాలుగు.

‘గట్టి జట్లతో ఆడండి’

సీజన్‌లో ఒక జట్టు ఆడేది సుమారు 31 మ్యాచులు. అందులో 18 నుంచి 20 దాకా సొంత లీగ్‌లోనే అయిపోతాయి. చేతిలో మిగిలేది డజను. ఆ డజనునూ పెద్ద కాలేజీలు వీలైనంతవరకు సొంత ఊళ్లోనే పెట్టుకుంటాయి. టికెట్ల డబ్బు వస్తుంది, గెలుపూ దాదాపు ఖాయం. దానికోసం బలహీనమైన చిన్న జట్లకు చెక్కు ఇచ్చి మరీ పిలిపిస్తాయి. వీటినే ‘బై (buy) గేమ్’, అంటే కొనుక్కున్న మ్యాచ్, అంటారు. ఓడిపోవడానికి వచ్చే జట్టుకు డబ్బిచ్చి పిలవడం అన్నమాట, మర్యాదగా చెప్పాలంటే.

మరి బలమైన చిన్న జట్టు సంగతి? దానికి ఆ పిలుపు కూడా కష్టమే. దాన్ని ఓడిస్తే పెద్ద కాలేజీకి పేరు రాదు, దాని చేతిలో ఓడితే పరువు పోతుంది. పైగా ‘ఈ ఏడాది మేం మీ దగ్గరికి వస్తాం, వచ్చే ఏడాది మీరు మా దగ్గరికి రండి’ అన్న ఒప్పందానికి ఒప్పుకునేవాళ్లు తక్కువ. పిలుపులు రాకుండా చేసి, పెళ్లికి రాలేదేం అని నిలదీసినట్టుంది ఈ వాదన.

సరే, ఆడే అవకాశం దొరికి గెలిచారే అనుకుందాం. న్యూజెర్సీలోని మన్మత్ కాలేజీ 2015-16లో అదే చేసింది. పెద్ద లీగుల జట్లయిన యూసీఎల్ఏను, జార్జ్‌టౌన్‌ను వాళ్ల ఊళ్లకే వెళ్లి ఓడించింది. తటస్థ వేదికల మీద నోటర్‌డామ్‌ను, యూఎస్‌సీని కొట్టింది. 27 గెలుపులు, 7 ఓటములతో కమిటీ ముందు నిలబడింది. లీగ్ ఫైనల్లో ఓడింది కాబట్టి ఇక కమిటీయే దిక్కు. కమిటీ తీసుకోలేదు. బలహీన జట్ల చేతిలో ఓడిన సందర్భాలున్నాయన్న మాట నిజమే. కానీ పోస్టు చెప్పినట్టే చేసిన జట్టుకు కూడా చివరికి దొరికింది వంక.

ఇటు పెద్దవాళ్ల సంగతి చూడండి. 2023-24లో పెద్ద లీగుల్లో ఒకటైన బిగ్ 12లోని అయోవా స్టేట్ తన లీగ్ బయట ఆడిన షెడ్యూల్ దేశంలోనే బాగా బలహీనమైన వాటిలో ఒకటి. అయినా టోర్నీలో 2వ సీడ్ (పైనుంచి రెండో మెట్టు) వచ్చింది. జట్టు మంచిదే, కాదనను, బిగ్ 12 టైటిల్ కూడా గెలిచింది. కానీ నవంబర్, డిసెంబర్‌లలో ‘గట్టి జట్లతో ఆడావా’ అన్న ప్రశ్న దాని దాకా రాలేదు, ఎందుకంటే జనవరి నుంచి లీగే గట్టి జట్లను ఇంటికి తెచ్చి ఇస్తుంది.

‘కంప్యూటర్‌కు పేర్లు తెలియవు’

తెలియవు. దానికి తెలిసింది షెడ్యూలే, వివక్ష ఉన్నదీ షెడ్యూల్లోనే. 2018-19 నుంచి వాడుతున్న ‘నెట్’ అనే కంప్యూటర్ ర్యాంకుల ఆధారంగా ప్రతి మ్యాచ్‌నూ నాలుగు వర్గాల్లో వేస్తారు. అన్నిటికంటే విలువైనది క్వాడ్ 1. సొంత ఊళ్లో ఆడితే ప్రత్యర్థి టాప్ 30లో ఉండాలి, తటస్థ వేదికైతే టాప్ 50, బయటి ఊరైతే టాప్ 75. ఇప్పుడు ఒక చిన్న లీగ్ జట్టు 80వ ర్యాంకు ప్రత్యర్థిని సొంత ఊళ్లో ఓడించిందనుకోండి, అది క్వాడ్ 3 గెలుపు, కమిటీ కంటికి ఆనదు. టాప్ 30 జట్టు వాళ్ల ఊరికి రాదు. కాబట్టి ఇంటి దగ్గర క్వాడ్ 1 గెలుపు దాదాపు అసాధ్యం. పెద్ద లీగ్ జట్టుకు అలాంటి మ్యాచులు వారం వారం వచ్చి పడతాయి, ఓడినా పెద్దగా నష్టం లేదు. 2025లో సొంత లీగ్‌లో 6 గెలిచి 12 ఓడిన టెక్సాస్, ఓక్లహోమా రెండూ టోర్నీకి వెళ్లాయి.

ఇంకో సంగతి. కంప్యూటర్ చిన్న జట్టును మెచ్చుకున్నప్పుడు కమిటీ కంప్యూటర్ మాట వినాలని లేదు. 2024లో ఇండియానా స్టేట్ 28 గెలిచి 6 ఓడింది, నెట్ ర్యాంకు 30 లోపే. లీగ్ ఫైనల్లో డ్రేక్ చేతిలో నాలుగు పాయింట్ల తేడాతో ఓడింది, టోర్నీకి పిలుపు రాలేదు. ఆ సీజన్‌లో అలబామా, మిషిగన్ స్టేట్‌లతో ఆడింది, రెండూ వాళ్ల ఊళ్లలోనే. అదే ఏడాది 54వ ర్యాంకు వర్జీనియాను పిలిచారు. అది తొలి మ్యాచ్‌లోనే కొలరాడో స్టేట్ చేతిలో 67-42తో చిత్తయింది. కొలరాడో స్టేట్ ఆ అయిదు పెద్ద లీగుల్లోది కాదు. న్యాయంగా చెప్పాలంటే ఆ ఏడాది పెద్ద లీగ్ జట్టు సెటన్ హాల్‌ను కూడా పక్కన పెట్టారు. రెండో స్థాయి టోర్నీ ఎన్ఐటీ ఫైనల్లో ఇండియానా స్టేట్‌ను రెండు పాయింట్లతో ఓడించింది అదే.

‘గొంజాగా చేసి చూపించింది’

1999లో అది లీగ్ టైటిల్ గెలిచి నేరుగా వచ్చి చివరి ఎనిమిదిలో నిలిచింది. అప్పట్నుంచి ఏటా టోర్నీలో ఉంటూ పేరు తెచ్చుకుంది. పాతికేళ్లలో ఒక్కరికి సాధ్యమైందాన్ని చూపించి దారి తెరిచే ఉందనడం ఏం లెక్క?

‘2025లో స్వీట్ 16కి ఎవరూ రాలేదు’

అంకె నిజం. 16 జట్లూ నాలుగు పెద్ద లీగులవే. కానీ రెండేళ్ల వెనక్కి వెళితే 2023లో పెద్ద లీగుల బయటి శాన్‌డియాగో స్టేట్ ఫైనల్ ఆడింది, అలాంటిదే ఫ్లోరిడా అట్లాంటిక్ చివరి నాలుగులో ఉంది. 2011లో వీసీయూ అనే చిన్న లీగ్ జట్టును తీసుకున్నందుకు కమిటీని విమర్శకులు ఉతికి ఆరేశారు, ఆ జట్టు చివరి నాలుగు దాకా వెళ్లింది.

మధ్యలో మారింది ఆట కాదు, నిబంధనలు. ఆటగాళ్లు ఏడాది ఆగకుండా కాలేజీ మారొచ్చు, తమ పేరు వాడుకుని ప్రకటనల్లాంటి వాటితో డబ్బు సంపాదించుకోవచ్చు. వాళ్లకు అది మంచిదే. కానీ టోర్నీలో ఫైనల్ తప్ప ఆడే ఒక్కో మ్యాచ్‌కు లీగ్‌కు ఆరేళ్లలో సుమారు 20 లక్షల డాలర్లు వస్తాయి, కమిటీ పిలుపు రాని లీగ్‌కు దక్కేది నేరుగా వెళ్లిన ఒక్క జట్టు తెచ్చే డబ్బే, ఆటగాణ్ని నిలుపుకునే స్తోమత ఉండదు. 2024లో బయట ఉండిపోయిన ఇండియానా స్టేట్‌లో తొలి అయిదుగురూ వెళ్లిపోయారు. కోచ్ జాష్ షెర్ట్జ్ సెయింట్ లూయిస్‌కు మారితే రాబీ అవీలా, అయిజయా స్వోప్ ఆయన వెంట నడిచారు. రయన్ కాన్‌వెల్ జేవియర్‌లో చేరాడు. జేసన్ కెంట్, జూలియన్ లారీ వెళ్లింది టెక్సాస్‌కు. మరుసటి మార్చిలో 6-12 లెక్కతో టోర్నీకి పిలుపందుకున్న ఆ టెక్సాస్‌కే.